మా అత్త చెంబు

మా అత్త ముత్తవ్వ ఎవరినీ నమ్మదు. పాలు పోసేవాణ్ని నమ్మదు, బస్సు కండక్టరును నమ్మదు, కంపెనీలో బీడీలు ఏరి పనికిరావని పక్కన పడేసేవాణ్ని అసలే నమ్మదు. కోరుట్లలో నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు కట్ట చేతికిస్తే, అందులో ఎన్ని చిల్లుల ఆకులున్నాయో విప్పకముందే చెప్తుంది. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో చాయ్ పెట్టి ఇస్తే ముందు నన్నొక గుక్క తాగమనేది. అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది, అబద్ధమెందుకు.

ఇది సకల జనుల సమ్మె నాటి మాట. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. చౌరస్తాలో వంటావార్పు పెడితే మా వాడంతా కదిలింది. అత్త కూడా గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచింది. కానీ అక్కడి డ్రమ్ములో నీళ్లు ముట్టలేదు, ఇంటి నుంచే సీసాలో తీసుకుపోయింది.

"తెలంగాణ కావాలె గని, గా డ్రమ్ము ఎవ్వలు కడిగిండ్రో ఎవ్వలకెరుక?" అంది.

తీరా చూస్తే మా ఇంటి నీళ్లే మా కొంప ముంచాయి. మూడేళ్ల నా బిడ్డ ప్రణీతకు ఆ నెలలోనే రెండుసార్లు వాంతులు, విరేచనాలు. రెండోసారి కళ్లు లోపలికి పోయాయి, ఏడ్చినా కన్నీళ్లు రాలేదు. సెలైన్ ఎక్కించిన డాక్టరు, "నీళ్లు జర చూసుకోండ్రి. మల్ల గిట్లయితే పిల్ల తట్టుకోదు" అన్నాడు. నా భర్త జలపతి దుబాయ్‌లో ఉన్నాడు. నీళ్లు శుద్ధి చేసే మిషన్ ఏదైనా సరే కొనెయ్యమని ఫోన్‌లో చెప్పాడు.

మిషన్ దానంతటదే గుమ్మంలోకి వచ్చింది. జగిత్యాల నుంచి మోటారుసైకిల్ మీద ఆ మిషన్లు అమ్మే టై కట్టుకున్న ఒకతను దిగాడు. మా పిల్లకు జబ్బు చేసిందని ఎవరు చెప్పారో మరి! రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో తన సీసా నీళ్లు. కడ్డీలున్న ఒక పెట్టెను ప్లగ్గుకు తగిలించి, ఆ కడ్డీలను రెండు గ్లాసుల్లోనూ ముంచాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు ఎర్రబడి, నల్లబడి, పైన తెట్టు కట్టాయి. అతని నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

"చూసినవా అక్కా, మీ పాప తాగేది గిదే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మెడలో గొలుసు అడిగితే అప్పుడే తీసి ఇచ్చేదాన్ని.

అత్త ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది. అతని సీసా నీళ్లు అరచేతిలో పోసుకుని చప్పరించింది.

"గీ నీళ్లు ఉత్త చప్పగున్నయేంది? తూకమంటే రెండు దిక్కుల సమానముండాలె కొడుకా" అని, వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులో కలిపింది. "గిప్పుడు పెట్టు నీ కడ్డీలు."

"ఉప్పేస్తే ఎట్లవ్వా?"

"పొద్దుగాల పప్పుల గూడ గదే ఉప్పేసిన. అందరం తిన్నం. పెడుతవా, నన్ను పెట్టమంటవా?"

ఆమె చెయ్యి చాపేసరికి అతనే పెట్టాడు. అతని నీళ్లు మా నీళ్ల కంటే నల్లగా అయ్యాయి.

"కడ్డీ కరిగి నీళ్లల్ల పడుతున్నది పిల్లా" అంది నాతో. తర్వాత అతనివైపు తిరిగి, "కరెంటు లేనినాడు నీ మిషిన్ మా పిల్లకేం తాగిపిస్తది?" అంది. అతను పెట్టె సర్దుకుంటుండగానే కరెంటు పోయింది. వాడంతా వారం రోజులు ఈ కథ చెప్పుకుని నవ్వింది.

అంతమాత్రాన నల్లా నీళ్లను నమ్మిందనుకునేరు. వాటినీ నమ్మలేదు. అత్త పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడి సాంచెల మీద నేసిన నూలుబట్ట పెట్టెలోంచి తీసి, ఉతికి, నాలుగు మడతలు పెట్టి నీళ్లు వడగట్టమంది. కళపెళ మసలబెట్టి, చల్లారాక మట్టి రంజన్‌లో పోసి మూతపెట్టమంది. కట్టెలు తప్ప ఖర్చు లేదు.

ఎనిమిదోనాడు ప్రణీతకు మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి.

"మసలకముందే దించినవా? నిజం చెప్పు" అని అత్త నన్ను నిలదీసింది. నాకు కోపం ఆగలేదు.

"నా పిల్లకేమన్నయితే నీ చిటికెడు ఉప్పు తెచ్చిస్తదా?" అని అరిచి, టై అతను ఇచ్చిపోయిన కార్డు కోసం ఇల్లంతా వెతికాను.

"రేపు పొద్దుగాల్నుంచి గీడనే కూసుంట. తప్పు ఎవ్వలు చేస్తున్నరో పట్టుకుంట. పట్టుకోకపోతే గా మిషినే తెచ్చుకో" అంది అత్త.

అన్నట్టే తెల్లారి రంజన్ పక్కన చాట పెట్టుకుని కూర్చుంది. నేను వడగడుతుంటే చూసింది, మసలబెడుతుంటే చూసింది, పోస్తుంటే చూసింది. తప్పు దొరకలేదు. మధ్యాహ్నం ప్రణీత నీళ్లడిగింది. అత్త మూత తీసి, చెంబు ముంచి, గ్లాసులో పోసింది. బీడీని చూసినట్టే ఆ గ్లాసును కిటికీ వెలుగులో పెట్టి చూసింది. నీళ్ల మీద ఒక నలుసు తేలుతోంది. తంబాకు పొడి.

ముందు నా వైపే చూసింది, అలవాటు కదా. కానీ నాకు బీడీలు చుట్టడం రాదు. నేను తంబాకు ఏనాడూ ముట్టలేదు.

అప్పుడు తన చేతిలోని చెంబు చూసుకుంది. పొద్దుటి నుంచి ఆకు ఎండిపోకుండా నీళ్లు చిలకరించింది ఆ చెంబుతోనే. అందులో చెయ్యి ముంచి, నేల మీద, కోళ్లు తొక్కే గోనెపట్టా పక్కన పెట్టిందీ ఆ చెంబునే. నలభై ఏళ్లుగా ఆకుకూ గొంతుకూ అదే చెంబు. మా వాడలో బీడీలు చుట్టే ప్రతి ఇంట్లోనూ అంతే.

గ్లాసు వాకిట్లో పారబోసింది. రంజన్ మొత్తం ఒంపేసింది. ఎన్నేళ్ల కసి తీర్చుకుందామని నోరు తెరిచాను గానీ, ఆమె ముఖం చూశాక పొయ్యి మీద మళ్లీ నీళ్లు పెట్టాను.

"దొంగ ఇంట్లనే దొరికింది" అంది, మెల్లగా.

ఆ పూటే రంజన్ లోపల శుభ్రంగా తోమి, మరిగిన నీళ్లతో కడిగింది. బీడీ దారంతో ఆ చెంబు మెడకు ముడివేసి, ఇంకో కొన చాటకు కట్టింది. జానెడు దారం, రంజన్ దాకా అందదు. నీళ్లు తియ్యడానికి పొడుగుకాడ గరిటె ఒకటి మేకుకు వేలాడదీసింది. ప్రణీతకు మళ్లీ సెలైన్ అవసరం రాలేదు.

ఆ తర్వాత పిల్లకు నీళ్లిచ్చే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని, తంబాకుకు పచ్చబడ్డ ఆ వేళ్లు నా ముందు చాపేది. అటూ ఇటూ తిప్పి చూపేది. ఒకనాడు నేను చూడకుండానే గ్లాసు అందుకోబోయాను. ఇవ్వలేదు.

"నన్ను గూడ నమ్మకు బిడ్డా. చూసినంకనే తాగిపియ్."