మాస్టారి గడ్డం మీద నురగ

జగదీశ్వరరావు మాస్టారు నురగ కనిపిస్తే వేలితో తోయకుండా ఉండలేరు. అది టీ మీదిదా, బట్టల బకెట్లోదా, సముద్రానిదా అని చూడరు. టెక్కలి కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. రెండు గాజు పలకల మధ్య సబ్బు నురగ నింపి, పై పలకను పక్కకు జరిపి, లోపలి బుడగలు ఎలా నడుస్తాయో కంప్యూటర్లో లెక్క కట్టడం ఆయన పరిశోధన.

“మెల్లగా తోస్తే సాగి, వదలగానే వెనక్కి వస్తాయండీ. గట్టిగా తోశామా, పొరుగు మార్చుకుంటూ పారిపోతాయి. అచ్చం మన వీధిలో అద్దెవాళ్లే!” అనేవారు.

“బట్టలకి కొన్న సబ్బుపొడి బట్టలకి కాసింత మిగల్చండి,” అనేవారు భార్య హేమలత గారు.

ఒకసారి ఆయనా నేనూ భావనపాడు బీచికి వెళ్లాం. నేను సముద్రాన్ని చూస్తున్నాను. ఆయన ఒడ్డున గొంతుక్కూర్చుని స్కేలుతో నురగను తోస్తున్నారు. చేపల గంపతో వెళ్తున్న బొడ్డమ్మ ఆగింది.

“ఏటి బాబూ, ఉంగరం పోనాదేటి?”

“లేదమ్మా. నురగ ఎలా జరుగుతుందో చూస్తున్నాను.”

ఆమె నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. “పాపం, ఎన్నాళ్ల నుంచి?”

అసలు తమాషా మంగలి దాలయ్య కొట్లో. ముసలితనంతో దాలయ్య చెయ్యి వణకడం మొదలైంది. ఎవరైనా ఆ మాటంటే “నా సెయ్యికేటైనాదిరా?” అని కస్సుమనేవాడు. గిరాకీలంతా ఎదురుగా వచ్చిన కొత్త సెలూన్‌కి మళ్లారు. నేను వెళ్లేది పేపరు చదవడానికే. గడ్డం ఇంట్లోనే గీసుకునేవాణ్ణి. ఇక మిగిలింది మాస్టారొక్కరే. ఆయనా మానేస్తే కొట్టు మూతే.

కత్తి చెంప దాకా రాగానే మాస్టారు, “ఆగు దాలయ్యా! బుడగలు కదులుతున్నాయి,” అని అద్దంలో చూస్తూ నురగను దువ్వెన కొసతో తోసేవారు.

“ఈ పక్క గీసేతలికి ఆ పక్క మళ్లీ మొలిసేత్తాది, మాస్టారూ!”

ఒకరోజు అలాగే “ఆగు, కదులుతున్నాయి” అన్నారు. పేపరు దించి చూశాను. చెంప మీద నురగ ఎప్పుడో ఎండిపోయింది. ఒక్క బుడగ లేదు. అద్దంలో ఆయన చూపు కత్తి పట్టిన చేతి మీద ఉంది. ఆ చెయ్యి కుదురుకున్నాక, “ఆఁ, ఇప్పుడు గియ్యి,” అన్నారు. నేను పేపరు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత ఆయనకు పార్వతీపురం బదిలీ అయింది. నేను టీ మీది నురగ చూస్తూ కూర్చుంటే టీ చల్లారిపోతోంది. తోసే వేలు లేదు. దాలయ్య కొట్లో కుర్చీ ఖాళీ.

“పిచ్చి మారాజు! నురగ తప్ప ఇంకేటీ కనపడేది కాదు,” అన్నాడు దాలయ్య కత్తి నూరుతూ. “నా సెయ్యి కాసింత వణుకుతాదని ఆయనకి ఈనాటికీ తెల్దు.”

“తెలీదులే,” అన్నాను. పేపరు పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నాను. దాలయ్య ఒక్క క్షణం నన్ను చూసి, నురగ పట్టించాడు. కత్తి దగ్గరకొచ్చింది, వణుకుతూ.

“ఆగు దాలయ్యా,” అని చెంప మీది నురగను వేలితో తోశాను.

దాలయ్య చెయ్యి దించాడు. “ఓలమ్మో! మీకూ అంటుకున్నాదేటి?”