అడుగున వాయించేవాడు

నిన్న మధ్యాహ్నం రేడియోలో వార్తలకు ముందు ఖాళీ పూడ్చడానికి వయొలిన్ల గుంపొకటి ఓ నిమిషం వినిపించి, మధ్యలోనే నోరు మూసుకుంది. బాణీ ఎవరు కట్టారో, ఎవరు వాయించారో చెప్పలేదు. పేరు చెప్పనివాళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. ఆ గుణం నాయన నుంచి వచ్చింది.

మద్రాసు రాజధాని రోజుల్లో మార్కాపురంలో మాకు పలకల కార్ఖానా ఉండేది. బదిలీ మీద పోతూ రైల్వే గార్డు దొర ఒకాయన తన గ్రామఫోనునూ నాలుగు ప్లేట్లనూ నాయనకు ఇచ్చిపోయాడు. ఊరికే ఇచ్చాడు కాబట్టే నాయనకు అనుమానం. కీ తిప్పి సూది పెడితే వయొలిన్లు, పిల్లనగ్రోవులు, బూరలు ఒక్కసారిగా హుషారుగా లేచాయి గానీ, ఎంతసేపటికీ పాడేవాడు రాలేదు. "పాటగాన్ని దాచుకొని సామాన్లిచ్చి పోయినాడు దొర" అన్నాడు నాయన. నాలుగు ప్లేట్లూ అంతే. అది పెద్ద కచేరీల సంగీతం కాదనీ, సాయంత్రాల షికారు సంగీతమనీ, కట్టినవాళ్ళ పేర్లు వాళ్ళ దేశంలోనే చాలామందికి తెలియవనీ కాలేజీకి పోయాకగానీ నాకు తెలియలేదు. నాయన మాత్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ ప్లేట్లకు మేస్త్రీలా కాపలా కూర్చునేవాడు. "లోపల ఇరవైమంది ఉండారు. ఆ డోలోన్ని చూడు, మూడు దెబ్బలేసి దినం కూలి తీసుకుంటాండాడు."

ఆయన అసలు అనుమానం కార్ఖానాలో పనిచేసే ఒక పెద్దాయన మీద. పలకలు కోసి కోసి చూపు మందగించాక ఆ ముసలాయనకు మిగిలిన పని ఒకటే: కట్ట కట్టేముందు ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి వినడం. ఖంగుమంటే కట్టలోకి, మొద్దుగా పలికితే పక్కకు. కళ్ళు మూసుకుని వింటాడు కనుక నిద్రపోతున్నాడని నాయన తీర్పు.

"రేపట్నుంచి రావద్దని చెప్తా" అన్నాడొక ఆదివారం.

"ఆయన పక్కన పెట్టిన పలకల్లో ఒక్కటన్నా మంచిది చూపించు నాయనా" అన్నాను. పన్నెండేళ్ళకే నా నోరు అట్లాంటిది.

"ఆ ముసలి మామ నిన్ను వకీలుగా పెట్టుకున్నాడా ఏంది మే?"

గడప దగ్గర కందుల్లో రాళ్ళేరుతున్న అమ్మ, ఆ ప్లేట్ల గురించి అన్నాళ్ళూ ఒక్క మాటా అననిది, తలెత్తకుండానే అంది: "అడుగున గుర్రుమంటా ఒకడు వాయిస్తాండాడు. వాన్ని ఎవురూ పట్టించుకోరు. మళ్ళీ పెట్టు, వాడు ఆగినప్పుడు చూడు."

నాయన మళ్ళీ పెట్టాడు. నడుమ ఎక్కడో ఆ లావు గొంతు వాయిద్యం కాసేపు ఆగింది. పైనున్న వయొలిన్లన్నీ గుంజ పీకిన పందిరిలా ఒరిగిపోయాయి. నాయన మూడుసార్లు విన్నాడు.

మర్నాడు కార్ఖానాలో ముసలాయన పక్కన పెట్టిన పలకనొకటి తీసి, ఎండలో తిప్పి తిప్పి చూశాడు. గీత కూడా లేదు. అంచుమీద సుత్తితో చిన్న దెబ్బ వేశాడు. రెండు పొరలుగా విడిపోయింది.

ఆ ముక్కలు కింద పెట్టి, "మామా, పక్క కార్ఖానావోళ్ళేమన్నా నిన్ను పనికి పిలుస్తాండారా?" అన్నాడు.

ముసలాయన కళ్ళు తెరవలేదు. "మాట్లాడాకప్పా. ఇంటాండ."

నేనిప్పుడు ఆనాటి నాయన కన్నా పెద్దదాన్ని. ఒక మనిషిని అనుమానించడానికి ఒక్క పూట చాలు. అది తీరేసరికి మాత్రం ఆ మనిషికి వెళ్ళిపోయే వయసు వచ్చేస్తుంది.