అలిసిన ఇత్తడి

మా తాతగారి మిలటరీ రైఫిల్ ప్రతి దసరాకీ జమ్మిపూజ దగ్గర ఒక్కసారి పేలాలి. ఆస్తులు పోయినా ఆ మర్యాద నేను పోనివ్వలేదు. కొత్త తూటాలు దొరకక, పేలిన తూటాల ఇత్తడి గొట్టాల్లోనే మళ్ళీ మందూ గుండూ కూర్చుకునేవాణ్ణి.

డెబ్భైల చివర్లో ఓ దసరా ముందు, కొత్తపేట నుంచి అమలాపురం వెళ్ళే బస్సు కుదుపుకు నా సంచిలోంచి అలాంటి తూటా ఒకటి జారిపడింది. పక్కనున్న పెద్దాయన తీశారు. మిలటరీలో చేసి వచ్చారట. తూటా అడుగున గోరు పెట్టి చుట్టూ తిప్పారు.

"ఇక్కడ గీత పడిందండి. ఇత్తడి అలిసిపోయిందండి. పేలిస్తే గొట్టం తెగి నిప్పు మొహం మీదకే వచ్చేస్తాదండి."

"మా తాతగారి నాటి గొట్టాలండీ ఇవి," అన్నాను బిగుసుకుని.

"ఆయ్, అందుకేనండి."

ఆయన నవ్వలేదు. తూటాను తన జేబురుమాల్లో చుట్టి, రెండు చేతులతో నాకు అందించి, ముక్కామలలో దిగిపోయారు.

ఆ దసరాకి రైఫిల్‌ని జమ్మి దగ్గర ఊరికే నిలబెట్టాను. ఎందుకు పేల్చలేదని ఎవరైనా అడుగుతారని, జవాబు సిద్ధం చేసుకుని మర్నాడంతా వీధి అరుగు మీద నిటారుగా కూర్చున్నాను.

ఎవరూ అడగలేదు.