జత కట్టని డయోడ్లు

భర్త పోయాక ఆమెకు మిగిలిన పని జతలు కట్టడమే. మెకానిక్కులు మీటర్లు సరిచూసుకోవడానికి, ఎప్పుడూ ఒకే ఓల్టేజి ఇచ్చే పెట్టెలు ఆయనా, ఆమె తమ్ముడూ కలిసి చేసేవారు. ఆ పెట్టెకు గుండెకాయ జీనర్, ఓల్టేజిని ఒకేచోట పట్టి ఉంచే డయోడ్. ఒళ్ళు వేడెక్కితే దాని ఓల్టేజి పెరుగుతుంది. మామూలు డయోడ్‌కు తగ్గుతుంది. రెండింటినీ ఒకే వరుసలో కలిపి, ఒకదానికొకటి ఆనించి దారంతో కడితే, ఒకటి ఎక్కినంత మరొకటి దిగుతుంది. ఏది దేనికి సరిజోడో వేడినీళ్ళ గిన్నె దగ్గర పెట్టి, మీటరు ముల్లు చూసి తేల్చాలి. ఆ ఓపిక నీకే ఉందని ఆయన ఆ పని ఆమెకు అప్పగించాడు. ఆయన పోయినా తమ్ముడు సరుకు తెస్తూనే ఉన్నాడు, కట్టిన జతలు పట్టుకుపోతూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం తమ్ముడు అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. మీటర్ల మెకానిక్ ఒకడు, తమ్ముడి దగ్గర ఈమధ్యే కొన్న పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఇదేం పెట్టెమ్మా? పొద్దున ఒక మాట, ఎండెక్కితే ఇంకో మాట! మా బావమరిదే నయం."

"మా జతకి ఆ రోగం రాదండీ" అని నవ్వుతూ ఆమె మూత విప్పింది. లోపల ఏదో కొత్త బోర్డు మీద జీనర్ ఒంటరిగా ఉంది. దారమూ లేదు, డయోడూ లేదు.

"ఒరేయ్, నా జతలేవిరా?"

తమ్ముడి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "దుకాణంలో ఉన్నాయక్కా, డబ్బాలో. బావ పోయినప్పట్నించీ రెడీమేడ్ బోర్డులే బిగిస్తున్నా. వాటిలో నీ జతకి చోటే లేదు."

"మరి సరుకెందుకు తెచ్చావు?"

"నువ్వు గోడకేసి చూస్తూ కూర్చుంటే భయమేసింది. ఏదో కాలక్షేపమని…"

"ఏడ్చే పిల్ల చేతికి గిలక్కాయ ఇచ్చావన్నమాట."

వేళ్ళు కాలినా గిన్నె వదలకుండా, ఆయన పని ఆగలేదు కదా అని ఇన్నాళ్ళూ గుండె దిటవు చేసుకుందామె. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది. వీడు తను చంకనేసుకుని పెంచినవాడు.

మెకానిక్ ఇబ్బందిగా వెనక్కి తిరిగాడు. "మళ్ళీ వస్తానమ్మా."

"ఉండండి. ఇలాంటివి ఎవరి దగ్గరున్నా తెచ్చి వీడి మొహాన పెట్టమనండి. ఇవి మా ఆయన పెట్టెలు కావు."

"అక్కా! ఊళ్ళో నా పరువేం కావాలి?"

ఆమె మూత మీద భర్త పేరున్న చీటీని గోటితో అంచు లేపి, చిరగకుండా మెల్లగా ఒలవసాగింది.