సలోమక్క, మా పాలబండి

మొన్న పక్కింటివాళ్ళు ఇనుప గేటుకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయిస్తున్నారు. టర్పెంటైన్ కలిసిన ఆ ఘాటు వాసన మా వంటింటి దాకా వచ్చింది. పొయ్యి తగ్గించి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. చాలామందికి ఆ వాసనతో తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం సలోమక్క గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, నుదుట బొట్టు లేని గుండ్రటి ముఖం, మగవాళ్ళకుండేంత మందమైన వేళ్ళు. చీర మీద చనిపోయిన భర్త ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి డ్యూటీకి వెళ్ళేది. ఆయన పనిచేసిన సర్కారు ఫ్యాక్టరీలోనే ఆయన పోయాక ఆమెకు ఉద్యోగమిచ్చారు. మొదట చీపురు ఇచ్చారట. రెండేళ్ళు ఊడుస్తూ, రేకుపని చేసేవాళ్ళ చేతులు చూస్తూ చూస్తూ, ఒకరోజు తనే సుత్తె అడిగి తీసుకుందట. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఫ్యాక్టరీలో ఆమె చేతికి మంచి పేరుంది.

మాది గౌలిపుర. తాతల నాటి నుంచీ పాలవ్యాపారం. డెబ్భైల చివర్లో, మా పుట్టింటివాళ్ళు పెట్టిన రెండు బర్రెలను అమ్మి, నేనూ మా ఆయన నర్సింహ ఒక పాత పికప్ బండి కొన్నాం. అంతకుముందు క్యాన్లన్నీ సైకిళ్ళ మీదే వెళ్ళేవి. బండి వచ్చాక సంతోష్‌నగర్ దాకా ఇళ్ళు, నాలుగు చాయ్ హోటళ్ళు పట్టగలిగాం. ఆ బండిని చూసుకుని నాకు ఎంత సంబరమో చెప్పలేను. కానీ వెనక క్యాన్లు పెట్టే అడుగు తుప్పు పట్టిపోతున్న సంగతి మేమెవరం పట్టించుకోలేదు. ఒక తెల్లవారుజామున నర్సింహ నిండు క్యాన్ ఎత్తి అడుగు వేయగానే కాలు మోకాలి దాకా రేకులోంచి కిందికి దిగిపోయింది. క్యాన్ దొర్లి పాలన్నీ గల్లీలో పారాయి. పిక్క చీరుకుపోయింది. ఆస్పత్రిలో కుట్లు వేసి, నెల రోజులు కాలు కదపొద్దన్నారు. ఆ నెలాఖరుకే బండికి ఫిట్‌నెస్ చూపించాలి. చిల్లులున్న బండిని ఎవరు పాస్ చేస్తారు? మా బావగారు, అంటే నర్సింహ వాళ్ళ అన్న, ఒక్క మాటలో తేల్చేశారు. బండిని పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేసి మళ్ళీ సైకిళ్ళు తీద్దామన్నారు. నర్సింహ మంచం మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా బర్రెలు రెండూ నా కళ్ళ ముందు మెదిలాయి.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ సలోమక్క మా గుమ్మం ముందు ఆగింది. ఆమె ఇల్లు మా ఇంటికి మూడిళ్ళ అవతల. ఏమీ అడగకుండా చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, బండి కిందికి దూరి, అడుగంతా పొడిచి చూసింది. పొడిచినచోటల్లా ఎర్రటి పొట్టు రాలింది. గల్లీ చివర బండ్ల సొట్టలు తీసే డెంటింగ్ అతను పైన కొత్త రేకు పరిచి రంగు కొడితే సరిపోతుందన్నాడని చెప్పాను.

“పైన కప్పితే కండ్లకు కనబడదు, గంతే. కింద తింటనే ఉంటది. కోసెయ్యాలె,” అంది.

“నువ్వు చేస్తవా అక్కా?”

“మనం చేస్తం. రేకులు అతికే రివెట్లు కొట్టాలంటే మీద ఒకరు, కింద ఒకరు ఉండాలె.”

మనం అన్న మాటకు నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్లచీర మార్చుకుని, ఖాకీ చొక్కాతో వచ్చింది. ముందుగా క్యాన్ల కింద మేము పరిచే తడి గోనెసంచులు తీసి అవతల పారేసింది. ఆ తడే బండిని తిన్నదని, ఇకమీదట చెక్క పట్టీలు వేసి, వాటి మధ్య గాలి ఆడేలా చూడాలని చెప్పింది. తర్వాత నా చేతికి ఉలి, సుత్తె ఇచ్చింది. అరచేయంత ఉన్న చిల్లు గంటసేపట్లో చాటంత అయింది. ఉన్న బండిని నా చేతులతోనే నాశనం చేస్తున్నానేమోనని భయమేసింది. ఇక ఆపుదామన్నాను. ఆమె సుత్తెతో ఒకచోట కొట్టింది, చప్పుడు బొదబొదమంది. ఇంకోచోట కొట్టింది, ఖంగుమంది. “మంచి ఇనుము దొరికేదాంక పోవాలె. ఫికర్ పెట్టుకోకు, నేనున్న కదా,” అంది. నేను మళ్ళీ ఉలి పట్టాను.

అప్పటికి గల్లీ అంతా మా వాకిట్లోనే ఉంది. మా బావగారు వచ్చి, ఇంట్లో మగవాళ్ళు లేరా, ఈ లొల్లి ఏంది అని కోపం చేశారు. సలోమక్క తలెత్తకుండా, “మంచిగ వచ్చినవ్ అన్నా. జర కింద పండుకొని ఇనుపదిమ్మె పట్టు,” అంది. ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రెండు వారాలు ఆమె డ్యూటీ నుంచి వచ్చాక పొద్దుగూకేదాకా పని చేశాం. కొత్త రేకు కొలిచి కోయడం, చేత్తో తిప్పే డ్రిల్లుతో రంధ్రాలు వేయడం, రెండు రేకుల మధ్య కూడా రెడ్ ఆక్సైడ్ పూయడం అన్నీ నేర్పింది. మొదట నేను కింద పడుకుని రివెట్‌కు దిమ్మె ఆనించి పట్టేదాన్ని, ఆమె పైనుంచి కొట్టేది. దెబ్బదెబ్బకూ మోచేయి దాకా జివ్వుమనేది. తర్వాత సుత్తె నాకిచ్చి తను కిందికి వెళ్ళింది. ఒకరోజు ఆమె రాకముందే ఒక వరస కొట్టాలనుకుని, మా ఆడబిడ్డతో దిమ్మె పట్టించి ఆరు రివెట్లు వేశాను. ఒకటి వంకర పోయింది. దాని మీద రంగు మందంగా పూసి ఊరుకున్నాను. ఆమె వచ్చి వరస మీద బొటనవేలు పోనిస్తూ సరిగ్గా అక్కడే ఆపింది.

“ఇది ఒంకర పోయిందని నీకు ఎరికేనా?”

ఎరికే అన్నాను.

“ఎరిక లేక ఇడిసిపెడితే నేర్పుత. ఎరికుండి ఇడిసిపెడితే నేనేం నేర్పాలె?”

తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రివెట్ తల కోసి, తొలిచి తీసి, మళ్ళీ వేశాను. ఆ తర్వాత ఆ బండిలో నేను కొట్టిన ఒక్క రివెట్ దగ్గర కూడా ఆమె వేలు ఆగలేదు.

ఫిట్‌నెస్ రోజు మా మరిది బండి నడిపితే నర్సింహ కర్ర ఊతంతో పక్కన కూర్చుని వెళ్ళాడు. నేను ఇంట్లో పని చేయలేక వాకిట్లోనే తిరిగాను. మధ్యాహ్నం వచ్చి, బండి పాసైందని చెప్పాడు. తనిఖీ చేసే ఆయన వెనక ఎక్కి బూటుతో రెండుసార్లు తన్ని, వంగి వరసలు చూసి, ఏ షెడ్డులో చేయించావని అడిగాడట. “మా ఇంట్లనే అయింది సార్, నా భార్య చేసింది అని చెప్పిన,” అన్నాడు నర్సింహ. అతను నా గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడని నేను వినడం అదే మొదటిసారి. సాయంత్రం పరుగున వెళ్ళి సలోమక్కకు చెప్తే, ఆమె బియ్యం ఏరుతూనే, చెక్క పట్టీలు ఎప్పుడు వేస్తావని అడిగింది.

ఆ అడుగు మీద తొమ్మిదేళ్ళు పాలు మోశాం. ఆ బండి మీదే పిల్లల్ని చదివించాం. సలోమక్క రిటైరైన రోజు ఫ్యాక్టరీలో సన్మానం చేశారు. ఇంటివాళ్ళను తీసుకురమ్మంటే, పిల్లలు లేని ఆమె నన్ను వెంట తీసుకెళ్ళింది. దండలు వేశాక పెద్ద ఆఫీసరు నావైపు చూసి, ఈమె ఎవరు, మీ చెల్లెలా అని అడిగాడు. నేను చీర కొంగు సర్దుకుంటూ తల వంచుకున్నాను. అప్పటిదాకా నేను ఎక్కడికి వెళ్ళినా నర్సింహ భార్యనో, పిల్లల తల్లినో.

“నా జోడి సార్. రివెట్లు మంచిగ కొడతది,” అంది సలోమక్క.

ఆయన లేచి నాకు నమస్కారం పెట్టాడు. నేను తలెత్తి తిరిగి నమస్కారం పెట్టాను. సలోమక్క పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా ఏం పని చేసేదానివమ్మా అని అడిగితే, పాలు పోసేదాన్నని చెప్పి, రివెట్లు కూడా కొడతానని చెప్తాను.