ఖరగ్‌పూర్‌లో మూడో అధ్యాయం దగ్గర ఆగిన ఆదివారం

మేము తయారు చేసిన లినక్స్ తెలుగు గైడు ఆరు అధ్యాయాలూ ఖరగ్‌పూర్ నుంచి ఒక్క దిద్దుబాటు లేకుండా తిరిగి వచ్చాయి. నేను ఆ ఊరు వెళ్ళడానికి కారణం అదే. తొంభైల చివర్లో విజయనగరంలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పని చేసేవాడిని. లినక్స్ అంటే విండోస్‌కు బదులు కంప్యూటరును నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని సీడీ ఒకటి సంపాదిస్తే ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. కానీ దానితో వచ్చే సూచనలు ఇంగ్లీషులో ఉండేవి, అవి కూడా తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకు రాసుకున్నట్టు ఉండేవి. అందుకని మేం ముగ్గురం చేతనైనంత సులువైన తెలుగులో ఒక గైడు రాసి, జిరాక్సు తీసి, నాలుగైదు ఊళ్ళలో ఆసక్తి ఉన్నవాళ్ళకు పోస్టులో పంపేవాళ్ళం. చదివి తప్పులు చెప్పడం వాళ్ళ పని. జీతం లేదు, పేరు కూడా చివరి పేజీలో చిన్న అక్షరాల్లోనే.

పలాస వాళ్ళు పేజీ పేజీకీ తగువు పెట్టుకునేవారు. బరంపురం వాళ్ళు రెండు అధ్యాయాలు పోగొట్టారు. బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్ళ బృందం మాత్రం ఏది పంపినా వారంలో తిరిగి పంపేది. ప్రతి అధ్యాయం చివర పన్నెండు సంతకాలు, ప్రతి సంతకం పక్కన ‘నోటెడ్’ అని ఉండేది. మొదట సంతోషించాం. ఆరో అధ్యాయం కూడా అలాగే వచ్చేసరికి అనుమానం వచ్చింది. ఆ వారమే అక్కడి తెలుగు స్కూలు టీచరు వరలక్ష్మి గారు కాలేజీకి ఫోన్ చేశారు. స్కూల్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరులో గైడు చూసి లినక్స్ ఎక్కిస్తామని, హెడ్‌మాస్టరు గారు ఒక్క ఆదివారం తాళం ఇచ్చారని చెప్పారు. సోమవారం పొద్దున అదే కంప్యూటరులో పరీక్ష ప్రశ్నపత్రాలు ప్రింటు తీయాలి. తేడా వస్తే కంప్యూటరు క్లాసు ఉండదు, ఆ గది ఆటల సామానుకు పోతుంది. ఫోన్ పెట్టేసి నేను టికెట్టు తీయించుకున్నాను.

విజయనగరంలో శనివారం సాయంత్రం ఏడింటి ప్రాంతంలో హౌరా వైపు వెళ్ళే బండి ఎక్కితే, పలాస, బరంపురం, కటకం అన్నీ రాత్రిలో దాటిపోయి, బాలాసోర్‌లో మట్టి కప్పులో టీ తాగేసరికి తెల్లారుతుంది. స్లీపరు టికెట్టు అప్పట్లో రెండు వందల లోపే. ఖరగ్‌పూర్‌లో ఎనిమిదికి దిగాను. వెనక పెట్టెలో వచ్చేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ బయటికి వచ్చే దారి చేరడానికి సామానుతో చాలా దూరం నడవాలి, తొందర పనికిరాదు. బయట రిక్షా అతనితో న్యూ సెటిల్‌మెంట్ పేటలో తెలుగు స్కూలు అని చెప్పాను.

“కౌన్‌సా తెలుగు స్కూల్, దాదా? ఇహా తో కయీ హై,” అన్నాడు. ఇక్కడ చాలా ఉన్నాయి, ఏ స్కూలో చెప్పమని అతని ప్రశ్న. నాకు స్కూలు పేరు తెలుసు గాని, అతనికి అది పనికిరాలేదు. వరలక్ష్మి గారు ఫోన్‌లో చెప్పిన గుర్తు ప్రకారం సూరమ్మ మెస్ పక్కన అన్నాక తల ఊపి, “బోసున్,” కూర్చోండి, అని సీటు దులిపాడు. పది రూపాయలు తీసుకున్నాడు. రైల్వే క్వార్టర్ల మధ్య దారి తిన్నగా ఉంటుంది, సామాను లేకపోతే నడిచే వెళ్ళవచ్చు.

మెస్ దగ్గర అప్పలరాజు గారు సైకిలు ఆనించి నిలబడి ఉన్నారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఆ ఊరి బృందాన్ని పోగుచేసింది ఆయనే. వాళ్ళ తాతల నాడే పాతపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పక్కన నరసింహం గారు, రైల్వే డివిజన్ ఆఫీసులో గుమాస్తా, అదే ఊళ్ళోని నిమ్‌పురా నుంచి వచ్చారు. మెస్ నడిపే సూరమ్మ గారు ఇడ్లీ పెడుతూ నన్ను ఎగాదిగా చూశారు.

“ఈయనేనా మీకు సదవడానికి కాయితాలు పంపుతున్నది? సొంత పెళ్ళానికి కూడా అన్ని కాయితాలు రాసుండడు,” అన్నారు అప్పలరాజు గారితో.

“పెళ్ళానికి రాస్తే సంతకం పెట్టి తిరిగి పంపదు కదా,” అన్నారు నరసింహం గారు.

నేను నవ్వి, ఆ సంతకాల సంగతే అడిగాను. గైడు నిజంగా చదివారా అన్నాను. అప్పలరాజు గారు నొచ్చుకోలేదు. “సదివినాం బాబూ. మా దగ్గర సర్క్యులర్ వొస్తే సదివి, నోటెడ్ అని సంతకం పెట్టి, పక్క టేబుల్‌కి పంపుతాం. అలగే సేసినాం,” అన్నారు. తప్పులు కనిపించలేదా అంటే, “కాయితం మీద తప్పేటి కనిపిస్తాది? మా ఎవరింట్లోనూ కంప్యూటర్ నేదు,” అన్నారు. అది నిజం. పన్నెండు మందికీ కలిపి ఉన్నది ఆ స్కూలు కంప్యూటరు ఒక్కటే. గైడు ముందు పెట్టుకుని దాన్ని ఆ రోజు వరకూ ఎవరూ ముట్టుకోలేదు.

పది గంటలకు వరలక్ష్మి గారు తాళం తీశారు. గదిలో ఒక మూల కుర్చీలు, కిటికీ దగ్గర దుప్పటి కప్పిన కంప్యూటరు, గోడకు ఆనించిన క్రికెట్ బ్యాట్లు ఉన్నాయి. బ్యాట్లు ముందే వచ్చి కూర్చున్నాయని ఆవిడే అన్నారు. వేరే చోట కంప్యూటరు నేర్చుకోవాలంటే పిల్లలు బజారులో ఫీజు కట్టాలి, ఈ స్కూలు పిల్లల్లో అలా కట్టగలిగేవాళ్ళు తక్కువ. అందుకే ఆవిడ ఈ ఉచిత సీడీ ఎక్కించనివ్వమని హెడ్‌మాస్టరు గారి వెంట పడ్డారు. ముందు కంప్యూటరు తెరిచి నాకు తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్, ఎనిమిదో తరగతి లెక్కల పేపరు చూపించారు. ఫ్లాపీలో వేరే కాపీ ఉందా అని అడిగాను. పేపర్ల కాపీ ఉంది గాని, తెలుగు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలంటే విశాఖ నుంచి మనిషి రావాలన్నారు.

అప్పలరాజు గారు గైడు పట్టుకుని బిగ్గరగా చదవడం, వరలక్ష్మి గారు అది విని చేయడం అని పని పంచుకున్నారు. నన్ను నోరు తెరవవద్దన్నారు. రాసినవాడు పక్కన ఉండి చెబితే గైడు పరీక్ష కాదు కదా అని నరసింహం గారి వాదన. అది సరైన మాటే. మొదటి రెండు అధ్యాయాలు గంటన్నర పట్టాయి. సీడీ పెట్టి కంప్యూటరు ఆన్ చేయమని రాశాం గాని, పెట్టాక ఏ మీట నొక్కితే సీడీ నుంచి మొదలవుతుందో రాయలేదు. వాళ్ళు మూడుసార్లు పాత తెరే చూసి, నాలుగోసారి ఎలాగో కనుక్కున్నారు.

మూడో అధ్యాయం డిస్కును భాగాలు చేయడం గురించి. అందులో తప్పు జరిగితే డిస్కులో ఉన్నదంతా పోతుంది. అప్పలరాజు గారు చదివారు: “తెర మీద కనిపించే మొదటి వరుసను ఎంచుకుని ఎంటర్ నొక్కండి.”

వరలక్ష్మి గారు చెయ్యి మీట మీద పెట్టి ఆగారు. “పుస్తకంలో బొమ్మ చూపించండి,” అన్నారు. చూశారు. “ఇందులో ఒక వరుసే ఉంది. ఇక్కడ రెండున్నాయి.”

“మొదటిదని రాసినారు కదా. మొదటిది నొక్కండి,” అన్నారు నరసింహం గారు.

“మొదటి దాన్లో నా ప్రశ్నపత్రాలు, తెలుగు సాఫ్ట్‌వేర్ ఉంటే?”

“పన్నెండుమందిమి సంతకాలు సేసినాం టీచరమ్మా,” అన్నారు నరసింహం గారే.

ఆవిడ కుర్చీ వెనక్కి తిప్పారు. “అయితే మీరే చెప్పండి. ఇది నొక్కితే ఏటవుద్ది?”

నరసింహం గారు గైడు తీసుకుని ఆ పేజీ మళ్ళీ చదివారు. “నాకేటి తెలుసు? నా పైన అప్పలరాజు బావ సంతకం ఉంది, అది సూసి పెట్టినాను.”

“నేను వర్క్‌షాపులో గేటు కాడ నిలబడి పెట్టినాను. సదివింది తరవాత,” అన్నారు అప్పలరాజు గారు. “కింద టీచరమ్మ సదువుతాది కదా అనుకున్నాను.”

వరలక్ష్మి గారు, “నేనూ పెట్టినాను. పైన ఇంతమంది మగాళ్ళున్నారు, ఎవరో ఒకరు చూసే ఉంటారని,” అన్నారు. ముందు నవ్వింది ఆవిడే.

అప్పుడు ముగ్గురూ నా వైపు తిరిగారు. ఆ అధ్యాయం మా విజయనగరం ల్యాబులో ఖాళీ డిస్కు ఉన్న కంప్యూటరు ముందు పెట్టుకుని రాసింది. దానిలో ఒకే వరుస కనిపించేది, పోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇక్కడ రెండో వరుస ఖాళీ భాగమని నాకు అనిపించింది. కానీ అనిపించడం వేరు, తెలియడం వేరు. తెలియదనే చెప్పాను. ఇంతవరకు డిస్కు మీద ఏమీ రాయలేదు, ఇప్పుడు ఆపేస్తే నష్టం లేదని మాత్రం గట్టిగా చెప్పగలిగాను.

ఆవిడ ఎంటర్ నొక్కలేదు. సీడీ తీసి కంప్యూటరు ఆపారు. మళ్ళీ ఆన్ చేస్తే పాత తెర వచ్చింది. ఎనిమిదో తరగతి లెక్కల పేపరు తెరిచి, చివరి లెక్క దాకా జరిపి చూసి, మూసేశారు. “అన్నం తిందాం,” అన్నారు.

సూరమ్మ గారి దగ్గర భోజనం అప్పట్లో పన్నెండు రూపాయలు, చేపల పులుసు కావాలంటే ఇంకొంచెం. వంకాయ కూర బాగుంటుంది, ఒంటిగంట దాటితే దొరకదు. తింటూ నేను అడిగాను, కనీసం సీడీ దగ్గర మూడుసార్లు ఆగిపోయిన సంగతి గైడులో దిద్దవచ్చు కదా అని. అప్పలరాజు గారు తల అడ్డంగా ఊపారు. అచ్చు వేసినదాన్ని కలంతో కొట్టేయడం ఆయనకు మనసొప్పదు. “రూల్‌బుక్కులో మార్పొస్తే మేం కొట్టెయ్యం బాబూ. పైనుంచి కరెక్షన్ స్లిప్పు వొస్తాది, అది ఆ పేజీలో అంటిస్తాం. పాతదీ ఉంటాది, కొత్తదీ ఉంటాది.”

“స్లిప్పులు మీరే రాయండి,” అన్నాను. “ఈ గైడుకి పైన ఎవరూ లేరు. మేం ముగ్గురం ఉన్నాం, మీరున్నారు. అంతే.”

ఆయన మజ్జిగ తాగడం ఆపి నరసింహం గారి వైపు చూశారు. “మనమే రాసి మనమే అంటించడమేటి?”

“ఆఫీసులో ఇన్నేళ్ళు మంది రాసింది అంటించినాం. మనం రాసింది కూడా ఒకటి అంటిద్దాం బావా,” అన్నారు నరసింహం గారు.

మధ్యాహ్నం నుంచి పని పద్ధతి మారింది. ముగ్గురు ఒక జట్టు. ఒకరు చదవాలి, ఒకరు చేయాలి, మూడో మనిషి నోరు మెదపకుండా చూస్తూ ఎక్కడ ఆగారో స్లిప్పు రాయాలి: పుస్తకం ఏం చెప్పింది, తెర ఏం చూపించింది, కింద పేరు. పాత ప్రశ్నపత్రాలు చింపి, వెనక వైపు రాసి స్లిప్పులు చేశారు. మూడు గంటలకు బృందంలో మిగతావాళ్ళు డ్యూటీలు దిగి వచ్చారు. జట్లు మార్చి మార్చి మొదటి రెండు అధ్యాయాలే చేయించాం, మూడో అధ్యాయం ముందు ప్రతిసారీ ఆపేశాం. జిగురు అయిపోతే సూరమ్మ గారు మైదా ఉడకబెట్టి గిన్నెతో పంపారు. “మీరు తినడానికి వొచ్చినారా, అంటించడానికి వొచ్చినారా?” అని మాట కూడా పంపారు. సాయంత్రానికి రెండో అధ్యాయం పూరీలా ఉబ్బింది. మూడో అధ్యాయంలో ఒకటే స్లిప్పు, వరలక్ష్మి గారిది: “బొమ్మలో ఒక వరుస. మా తెరపై రెండు. ఏది ఖాళీదో ఎలా తెలుసుకోవాలో రాయలేదు. అందుకని ఆపినాను.”

సోమవారం తొమ్మిదింటికి ఆవిడ తాళం తిరిగి ఇవ్వడానికి వెళ్తూ నన్నూ తీసుకువెళ్ళారు. హెడ్‌మాస్టరు గారు ముందు కంప్యూటరు గదికి నడిచి, పేపర్లు ఒక్కొక్కటీ తెరిపించి, ఒకటి ప్రింటు తీయించి చూశారు. తరవాత అడిగారు, “అయితే మీ లినక్స్ ఎక్కిందా?”

“ఎక్కలేదు సార్. పుస్తకానికీ తెరకీ పొత్తు కుదరలేదు. ఆపేసినాను,” అన్నారు వరలక్ష్మి గారు.

ఆయన ప్రింటు తీసిన ఆ కాగితం మీద సిరా ఆరిందో లేదో వేలితో చూసుకుని, తాళం జేబులో వేసుకోకుండా బల్ల మీద పెట్టారు. “పరీక్షలయ్యాక ఆదివారాలు తీసుకోండి. ఆపడం తెలిసినవాళ్ళకి ఇవ్వడానికి నాకు భయం లేదు. ఆ బ్యాట్లు కూడా తీయించెయ్యండి, దారికి అడ్డం.”

స్లిప్పులు అంటించిన గైడు తీసుకుని ఆ మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేశాను. మూడో అధ్యాయం మేము మళ్ళీ రాశాం, ఈసారి అప్పటికే నిండిన డిస్కు ఉన్న కంప్యూటరు ముందు పెట్టుకుని. అది ఖరగ్‌పూర్ వెళ్ళి, పరీక్షలు అయ్యాక తిరిగి వచ్చింది. చివర పన్నెండు సంతకాలు లేవు, మూడే ఉన్నాయి. పక్కన ‘నోటెడ్’ లేదు. ‘చేసి చూసినాము. పాత పేపర్లు ఉన్నవి. లినక్స్ ఉన్నది’ అని వరలక్ష్మి గారి చేతిరాత ఉంది.

ఇలాంటి పనిలో జనం దొరకరని చాలామంది అంటారు. నా అనుభవంలో జనం దొరుకుతారు. వాళ్ళకు అప్పటికే ఒక పని పద్ధతి ఉంటుంది, మనం ఇచ్చినదాన్ని ఆ పద్ధతిలోనే చేస్తారు. ఖరగ్‌పూర్ వాళ్ళు కాగితాన్ని గౌరవించే మనుషులు. ఆ గౌరవం వల్లే మొదట తప్పులు బయటికి రాలేదు, ఆ గౌరవం వల్లే తరవాత ఒక్క స్లిప్పు కూడా రాలిపోకుండా వచ్చింది. ఆ ఊరు వెళ్ళకుండా పోస్టులోనే సణిగి ఉంటే నాకు ఈ రెండో సంగతి తెలిసేది కాదు.

మీరు ఏ ఊళ్ళోనైనా జట్టు కడుతుంటే ఒక్క సూచన. గైడును కాగితానికి ఒక వైపే అచ్చు వేయించండి, స్లిప్పులకు చోటుంటుంది. అధ్యాయం చివర సంతకానికి మాత్రం చోటు వదలకండి. ‘ఏ కంప్యూటరు మీద చేశారు, ఎక్కడ ఆగారు’ అని ఒక వరుస వదలండి.