నేను స్విచ్ వెయ్యనన్న రోజు

నంద్యాలలో డిప్లొమా చేసి, ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి సబ్‌స్టేషన్‌లోనే ఆపరేటర్‌గా చేరాను. గుట్ట మీది గాలిమరల కరెంటు మా లైనుకే వస్తుంది. వానలు మొహం చాటేసిన ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, సప్లై ఇచ్చిన రెండుసార్లూ నిమిషంలోనే లైను ట్రిప్ అయింది. రైతులు గేటు తోసుకొచ్చారు. అందరికంటే ముందు మా నాయన.

"ఆ గాలిమరలే కొంప ముంచుతాండాయి. వాటిని కట్ చేసి కరెంటియ్యి!"

"వాటి తప్పేం లేదు నాయనా. మీరంతా ఆటో స్టార్టర్లు పెట్టుకున్యారు. కరెంటు రాంగనే మోటార్లన్నీ ఒక్కసారే తిరుగుతాండాయి. వోల్టేజీ పడిపోతే గాలిమరలు ఆగిపోవా? స్టార్టర్లు పీకేయండి. వంతులు నేను చెప్తా. అంతవరకూ స్విచ్ వెయ్యను."

"పైరెండిపోతాంటే ఈ పిల్ల పెత్తనమేందప్పా!" అని ఎవరో అరిచారు. అయినా ప్యానెల్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"మొదట నీదే పీకు నాయనా" అన్నాను.

ఆయన నన్ను ఉరిమి చూసి చేనికి నడిచాడు. మిగతావాళ్లూ గొణుక్కుంటూ కదిలారు. గంట తర్వాత సప్లై ఇచ్చాను. లైను నిలబడింది.

ఎనిమిదో రోజు నాయన పొలం నుంచి ఫోన్ చేశాడు. "మేడమ్, మా వంతొచ్చిందా?"

అది వెటకారమో గౌరవమో నాకనవసరం. ఇంకా రాలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.